పైడమ్మ కళ్ళకి కట్టిన గుడ్డ

అనగనగా సముద్రపొడ్డున ఒక పల్లె, బుజ్జీ. ఆ పల్లెలో పైడమ్మ అని ఒకావిడ. చిన్నప్పుడే అమ్మోరు పోసి కళ్ళు తెల్లగా అయిపోయాయి. తన చెయ్యి తనకే కనపడదు.

అయినా రోజూ కోడి కన్నా ముందే మెలకువొచ్చేసేది. అప్పుడు ఒడ్డుకెళ్ళి కంచు పళ్ళెం మోగించేది. మంచులో దారి తెలీని పడవలు ఆ మోత విని, రాళ్ళు తప్పించుకుని వచ్చేవి. ముందు పడవలో మొగుడు దానయ్య.

ఆ తర్వాత మరిది పెళ్ళొచ్చింది. "కొత్తకోడలు గుమ్మంలోకి రాగానే ఆ తెల్లకళ్ళు చూసి జడుసుకోదూ? గుడ్డ కట్టరా!" అంది అత్త. దానయ్యే కట్టాడు. "నీకెలాగూ చీకటే కదే," అన్నాడు, ముడి నొప్పెట్టకుండా వేస్తూ. పెళ్ళయిపోయింది. గుడ్డ విప్పమని మాత్రం ఎవరూ అనలేదు. పైడమ్మా అడగలేదు.

పాపం, వాళ్ళకి తెలీదమ్మా. కంటికి చూడ్డం ఒక్కటే పని కాదు. వెలుతురు తగిలితే, తెల్లారిందని ఒంటికి కబురు పెట్టేదీ కన్నే. ఆ కబురందితేనే ఒంట్లో నిద్రరసం వేళకి ఊరి, వేళకి ఆగుద్ది. చూపు పోయినా పైడమ్మ కళ్ళు ఆ పని చేస్తూనే ఉన్నాయి. గుడ్డ కట్టేసరికి కబురాగిపోయింది. నిద్ర రోజూ కాస్త కాస్త పక్కకి జరిగిపోయింది.

అప్పుడు ఒకరోజు కోడి కూశాక లేచింది. పడవలు నీళ్ళమీదే కాసుక్కూచున్నాయి. "ఏటే మహారాణీ, పళ్ళెం కూడా నిద్దరోయిందేటి?" అని నవ్వాడు దానయ్య.

ఇంకోరోజు పొద్దెక్కాక లేచింది. దానయ్య పడవ రాయికి రాసుకుని వచ్చింది. ఈసారి నవ్వలేదు. "ఒంట్లో బాగోదా పైడీ?" అన్నాడు.

"ఏటో, రాత్రంతా కన్నంటుకోదు. తెల్లారగట్ల చచ్చినట్టు పడిపోతన్నాను."

మూడోసారి ఎండ చురుక్కుమన్నాక లేచింది. ఒడ్డంతా ఏడుపులే. రాసుకున్నచోట చిల్లిపడి, పడవలోకి నీళ్ళొచ్చేస్తుంటే, మోత కోసం దానయ్య ఎంతసేపని ఆగుతాడు? మంచులోనే వచ్చేశాడు. చెక్కలే ఒడ్డుకొచ్చాయి.

అప్పుడు పైడమ్మ ఏడవడానికని గుడ్డ విప్పింది. మళ్ళీ కట్టుకోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మెలకువ దానంతటదే వేళకి రావడం మొదలెట్టింది. కోడి కన్నా ముందే. వెళ్ళి పళ్ళెం మోగించింది. పడవలన్నీ వచ్చాయి.

దానయ్యా?

రాలేదమ్మా. ఆఖరి పడవ ఒడ్డెక్కాక కూడా పైడమ్మ ఇంకాసేపు మోగించేది. చాల్లేవే అని ఎవరూ అనేవారు కాదు.

దీపం తగ్గించేస్తున్నా, కళ్ళు మూసుకో బుజ్జీ.

కథ కడలికి, కన్ను కునుకుకి.