దుబ్బు చేతికి దక్కని బుల్లి చీపురు

అనగనగా ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి. ఆ అడవిలో ఒక గుహ. అందులో గుబురమ్మ అనే తల్లి ఎలుగుబంటి, దాని కొడుకు దుబ్బు ఉండేవారు. ఈ కథ మీరు వినండర్రా, మీ అమ్మల్ని కూడా వచ్చి కూర్చోమనండి.

ఎలుగుబంట్ల ఇల్లంటే తెలుసుగా! ఎక్కడ చూసినా తేనె మరకలే. అందుకే గుబురమ్మకి ఒక అలవాటు ఉండేది. తేనె నేల మీద ఒలికితే, చీమలు చేరకముందే పొడి మన్ను చల్లి ఊడ్చెయ్యాలి.

దుబ్బుకి అమ్మతో పాటు పని చెయ్యడమంటే ఎంత సరదానో! కానీ అమ్మ చీపురు వాడి కంటే పొడుగు. ఎత్తబోతే వాడే బోర్లా పడేవాడు. అది చూసి పక్క చెట్టు మీది గిజిగాడికి ముచ్చటేసింది. గూళ్ళు అల్లడంలో చెయ్యి తిరిగిన పిట్ట కదా! సన్నగడ్డితో ఒక బుల్లి చీపురు కట్టాడు. వెలగకాయ డిప్పకి నార బిగించి ఒక బుల్లి బకెట్ చేశాడు.

"గుబురక్కా! ఇవి మీవాడి చేతికి సరిపోతాయి. కొన్నాళ్ళు పాడుచేస్తాడు. ఆ తర్వాత నీకే ఆసరా అవుతాడు" అన్నాడు గిజిగాడు. దుబ్బు సంతోషంతో గుహంతా గంతులేశాడు.

మొదటిసారి ఊడ్చినప్పుడు దుమ్మంతా లేచి అమ్మ ఆరబోసిన ఇప్పపూల మీద పడింది. "ఓరి నీ దుంపతెగ! ఇలా తే" అని గుబురమ్మ చీపురు లాక్కుంది.

రెండోసారి బకెట్‌తో నీళ్ళు తెస్తూ జారిపడి, ఆకుల పక్కంతా తడిపేశాడు. "నువ్వు సాయానికొస్తే నాకు పని రెండింతలు!" అని విసుక్కుంది.

మూడోసారి తేనె ఒలికింది. పాపం, మన్ను చల్లాలని వాడికెవరు చెప్పారు? నీళ్ళు పోసేశాడు. తేనె గుహంతా పారింది. గుబురమ్మకి ఒళ్ళు మండిపోయింది. వీపు మీద ఒక్కటిచ్చి, "ఇంకోసారి ఏది ఒలికినా నువ్వు ముట్టుకున్నావంటే చూడు!" అంది. చీపురూ బకెట్టూ అందనంత ఎత్తున రాతి సందులో పెట్టేసింది.

"ముందు మన్ను చల్లాలి నాన్నా" అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి! ఆ ఒక్క మాటకి ఆవిడకి తీరిక లేకపోయింది. దుబ్బు మాత్రం అమ్మ చెప్పింది బాగా గుర్తుపెట్టుకున్నాడు.

ఏడాది తిరిగింది. దుబ్బుకి చెల్లి పుట్టింది. ఇంకా కళ్ళు తెరవని పసికందు. ఒకరోజు గుబురమ్మ, "చెల్లి జాగ్రత్తరా, వాగుకెళ్ళి వస్తా" అని వెళ్ళింది. దారిలో కాల్లో ముల్లు దిగి, కుంటుకుంటూ నడవాల్సి వచ్చింది.

ఈలోగా గుహలో పైన దాచిన తేనెపట్టు జారిపడింది. తేనె పసిదాని పక్క దాకా పాకింది. దుబ్బు గబుక్కున చెయ్యి చాపాడు. అమ్మ మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. అమ్మని పిలుచుకొద్దామని వాగు వైపు పరిగెత్తాడు. వాడటు వెళ్ళగానే గండుచీమలు బారులుబారులుగా గుహలోకి వచ్చాయి.

తల్లీకొడుకులు వచ్చేసరికి పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. మొహం నిండా చీమలే. గుబురమ్మ లబలబలాడుతూ దులిపింది. ప్రాణమైతే దక్కింది. కానీ ఆ చిట్టితల్లి ఒక కన్ను ఎప్పటికీ పూర్తిగా తెరుచుకోలేదు.

"గుప్పెడు మన్ను చల్లి ఊడ్చేస్తే పోయేది కదరా!" అంది గుబురమ్మ.

"నువ్వే కదమ్మా ముట్టుకోవద్దన్నావు" అని వెక్కాడు దుబ్బు. "మన్ను చల్లాలని నాకు తెలీదమ్మా."

గుబురమ్మ కొడుకుని గుండెకి హత్తుకుని, "తప్పు నీది కాదు నాన్నా, నాదే. నిన్ను తిట్టినంతసేపు నేర్పి ఉంటే నా బిడ్డకి ఈ గతి పట్టేది కాదు" అని భోరుమంది.

మర్నాడు రాతి సందులోంచి బుల్లి చీపురు తీసి, వాడిని పక్కన కూర్చోబెట్టుకుంది. "రా నాన్నా, ఇవాళ నువ్వు ఊడువు. పాడైనా నేనేమీ అనను" అని బతిమాలింది.

దుబ్బు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"వద్దులే అమ్మా. నేను పాడుచేస్తాను" అన్నాడు.

నీతి: పిల్లలు సరదాపడి పనికొచ్చినప్పుడే ఓపిగ్గా నేర్పాలి, ఆ సరదా చచ్చిపోయాక ఎంత బతిమాలినా తిరిగి రాదు.