రాజుగారు గీసిన తీగ

ఏ రాజ్యమని అడగవద్దు, అడిగినా చెప్పను. ఆ వంశంవాళ్ళు ఇంకా ఎక్కడో ఉండే ఉంటారు. అలాంటి ఒకానొక రాజ్యాన్ని కీర్తిసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకున్న చెడ్డ అలవాటు ఒక్కటే, తనకు నచ్చిన ప్రతిదీ తానే సృష్టించానని చెప్పుకునేవాడు. ఆస్థాన కవి మంచి పద్యం చదివితే అది రాజుగారిదయ్యేది. నర్తకి కొత్త అడుగు వేస్తే అదీ ఆయనదే. కొలువులో ఉన్నవాళ్ళు కనుక ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఆ ఊళ్ళో గురవమ్మ అనే ముసలావిడ కలంతో బట్టల మీద బొమ్మలు గీసి అద్దకం వేసేది. మామిడిపిందెల తీగ ఒకటి ఆవిడ కొత్తగా కల్పించింది. ఒకనాడు రాణిగారు ఆ తీగ ఉన్న చీర కట్టుకుంది. రాజు చూశాడు, మెచ్చుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ తీగ తన కలలో కనిపించిందనీ, దాన్ని మొదట గీసింది తానేననీ సభలో ప్రకటించాడు. పౌర్ణమి నాడు తామ్రశాసనం వేయిస్తానన్నాడు. ఆ తరువాత తన అనుమతి లేకుండా ఆ తీగ గీసినవాళ్ళు దేశం విడిచి పోవాలన్నాడు.

ఆ మాట గురవమ్మ చెవిన పడింది. నేరుగా వెళ్ళి ఆస్థాన విదూషకుడు కొండుభట్టు గడప దగ్గర కూర్చుంది.

“నేను కల్పించింది నేనే గీయకూడదంట సామీ. ఈ వయసులో నన్ను ఏ దేశం పొమ్మంటారు?” అంది.

కొండుభట్టు అద్దకం పని ఎలా చేస్తారో మొదటి నుంచీ చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. అతను మధ్యలో ఒక్కచోట మాత్రం ఆపి, ఆ ముక్క మళ్ళీ చెప్పమన్నాడు.

మర్నాడు అతను రాజును తెగ పొగిడాడు. శాసనం వేసే రోజున ప్రభువులు స్వహస్తాలతో ఆ తీగను బట్ట మీద గీస్తే పొరుగు దేశాల రాయబారులు కళ్ళారా చూసి వెళతారన్నాడు. గురవమ్మను కూడా పక్కన కూర్చోబెడితే ఎవరి పనితనం ఎంతో తేలిపోతుందన్నాడు. రాజు పొంగిపోయాడు. ఎనిమిది రోజులు తలుపులు వేసుకుని పలక మీద సుద్దతో సాధన చేశాడు. నిజం చెప్పాలంటే తీగ బాగానే కుదిరింది.

పౌర్ణమి వచ్చింది. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్టలు రెండు సభలో పరిచారు. రెంటికీ మధ్య ఒకే గిన్నె పెట్టారు. రాజు వెదురు కలం ముంచి ఠీవిగా ఒక గీత గీశాడు. బట్ట మీద తడి తప్ప ఏమీ కనబడలేదు. మళ్ళీ గీశాడు. మళ్ళీ అంతే. రాయబారులు తలలు దించుకున్నారు.

“భట్టూ, నీళ్ళు పోసి నాతో పరిహాసమాడుతున్నావా?” అంటూ రాజు కలం విసిరికొట్టాడు. అది బట్ట మీదే పడి చిందింది.

కొండుభట్టు గురవమ్మ వైపు చెయ్యి చూపించాడు. గురవమ్మ అదే గిన్నెలో తన కలం ముంచుతూ తన పాటికి తాను గీసుకుంటూ పోయింది. ముసలావిడ నీళ్ళతో బొమ్మ వేస్తోందని రాజు పకపకా నవ్వాడు. రాజు నవ్వాడు కనుక సభ కూడా నవ్వింది.

ఆవిడ పని అయ్యాక కొండుభట్టు రెండు బట్టలనూ ఆరనిచ్చి, మండపం ముందు ఎర్రరంగునిచ్చే చిరువేరు మరుగుతున్న కాగులో వేయించాడు. రెండు గడియల తరువాత పైకి తీశారు. గురవమ్మ బట్ట మీద మామిడిపిందెల తీగ ఒక్క ఆకు తప్పకుండా ఎర్రగా తేలింది. గిన్నెలో ఉన్నవి పటిక నీళ్ళు. గీసేటప్పుడు అవి కనబడవు. పటిక తగిలినచోటే కాగులో ఎరుపు పట్టుకుంటుంది. ఈ సంగతి అద్దకం వేసే ఇళ్ళల్లో చంటిపిల్లలు తప్ప అందరికీ తెలుసు.

ఇక రాజుగారి బట్ట మీద రెండు వంకర గీతలూ, పక్కన ఎవరో తాంబూలం ఉమ్మినట్టు పెద్ద మరకా ఉన్నాయి.

రాజు ముఖం వెలవెలబోయింది. శాసనం చెక్కడానికి వచ్చిన కంసాలి ఏం చెక్కాలో తెలియక రాగిరేకు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. కొండుభట్టు ఆ మరక బట్టను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

“సందేహమెందుకు కంసాలీ, దీన్నే చెక్కు. ఇది ముమ్మాటికీ ప్రభువుల సృష్టి. వారి అనుమతి లేకుండా దీన్ని అద్దడానికి ఎవరైనా వస్తే నేనే దగ్గరుండి దేశం దాటిస్తాను.”

రాజు ఆ మరకను చూశాడు, దాన్ని పట్టుకున్న కొండుభట్టును చూశాడు. తరువాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఈసారి సభ, నవ్వాలో వద్దో తెలియక ఊరుకుంది.

కొండుభట్టుకు పట్టుశాలువా దక్కింది. తామ్రశాసనం గురవమ్మ పేరనే వేశారు. తీగ ఆవిడదనీ, ఎవ్వరూ దాన్ని తమదని చెప్పుకోరాదనీ చెక్కారు. అందులో ‘రాజుతో సహా’ అన్న మాటను మాత్రం రాజే పట్టుబట్టి చేర్పించాడు.