ఎద్దుల తొట్టి

దాలయ్య నీలిగడ్డ రేవుకు పెద్ద. ఒడ్డు నుంచి ఓడలకు సరుకు చేరవేసే ఎనభై పడవలు ఆయన మాట మీదే కదిలేవి.

ఇద్దరు రాజులు సంధి చేసుకుని, సరిహద్దు కొండల మీదుగా కొత్త బాట వేసి, ఏటి మీద వంతెన కట్టించాక కథ అడ్డం తిరిగింది. అప్పటిదాకా నీలిగడ్డకే వచ్చిన కొండల అవతలి రాజ్యం పత్తి బళ్ళన్నీ ఆ బాట పట్టి సాలిపేట రేవుకు పోసాగాయి. నీలిగడ్డ పడవలు ఇసుకలో ఎండుతున్నాయి. వానలు పట్టేలోగా బళ్ళు రాకపోతే ఊరొదిలేస్తామని పడవవాళ్ళు తేల్చి చెప్పారు.

దాలయ్య బండి కట్టించుకుని, కొండల అవతల ఉండే తన గురువు కంబళి ఫకీరు దగ్గరకు వెళ్ళాడు.

ఎవరొచ్చినా ఫకీరుది ఒకటే పద్ధతి. ముందు ఎద్దులకు నీళ్ళు, తర్వాత మనిషి కాళ్ళకు నీళ్ళు, ఆ తర్వాతే మాటలు. దాలయ్యకు అంత ఓపిక లేదు. ఫకీరు తొట్టి నింపుతుండగానే అడిగేశాడు.

"బాబా, ఆ వంతెన ఏట్లో కొట్టుకుపోయేలా దుఆ చెయ్యండి."

ఎద్దులు కడుపునిండా తాగాక ఫకీరు దాలయ్యను అరుగు మీద కూర్చోబెట్టి కాళ్ళ మీద నీళ్ళు పోశాడు. కాళ్ళకంటిన మట్టితో నీళ్ళు ఎర్రగా పారాయి.

"పాత దారిది నల్లమట్టి కదా, దాలయ్యా?"

దాలయ్య తల వంచుకున్నాడు. "పాత దారిన నాలుగు రోజులు బాబా. సాలిపేట మీదుగా చుట్టు తిరిగొచ్చినా కొత్త దారిన రెండే."

"సరే, దుఆ చేస్తాను. వంతెన నువ్వు తిరిగి దాటాక కూలాలా, దాటకముందేనా?"

దాలయ్యకు సిగ్గేసింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది. మనసు తేలికపడి తలెత్తితే, తొట్టి దగ్గర తీరిగ్గా నెమరేస్తున్న ఎద్దులు కనబడ్డాయి.

తన నీలిగడ్డలో అయితే, ఓడ కనబడేదాకా బళ్ళు రేవు బయటే ఆగాలి. రెండు రోజులైనా, మూడు రోజులైనా అంతే. రేవు బావి పడవవాళ్ళది. ఎద్దులకు నీళ్ళు కావాలంటే కోసెడు దూరం నడిపించుకుని వాగుకు పోవాలి. బండివాళ్ళు గొణిగినప్పుడల్లా, "గొణగనీ, ఇంకెక్కడికి పోతారు?" అనేవాడు దాలయ్య.

చాలాసేపు ఆ ఎద్దుల్నే చూశాడు. దుఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"బాబా, ఈ తొట్టి పొడవెంత?"

ఫకీరు చెంబు పక్కన పెట్టాడు.

"కొలుచుకో నాయనా."