లూర్దమ్మ కట్టిచ్చిన సద్ది

లాటిన్ మాటకు అర్థం అడిగితే రాయప్ప స్వాములవారు చెప్పరు. గొడుగు తీసుకుని, చూపించడానికి బయల్దేరతారు. అడిగినవాడు ఎండలో వెనకే నడవాలి. అందుకే ఆ గురువిద్యాలయంలో, ఫాదర్లు కాబోయే కుర్రాళ్ళంతా అర్థమైనట్టు తలూపడం ముందుగా నేర్చుకున్నారు. మర్రెడ్డికి మాత్రం నోరు ఊరుకోదు.

"స్వామీ, వియాతికుమ్ అంటే ప్రయాణంలో తినడానికి కట్టిచ్చే సద్ది అని నిఘంటువులో ఉంది. ప్రాణం పోయేముందు నాలుక మీద పెట్టే దివ్యసత్ప్రసాదపు అప్పానికీ అదే పేరంటున్నారు. మంచం దిగలేనివాళ్ళకి సద్దేమిటి? ఆ పేరు పెట్టినాయన ఆకలి మీదున్నాడా?"

తరగతి కిసుక్కుమంది. స్వాములవారు గొడుగు అందుకున్నారు. ప్రసాదం పెట్టిన చిన్న వెండి డబ్బా కూడా తీసుకున్నారు.

వెళ్ళింది లూర్దమ్మ ఇంటికి. యాభై ఏళ్ళు విద్యాలయంలో వండి పెట్టిన మనిషి, మంచంలో పిడికెడై ఉంది. రెండు రోజులకు మించదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. స్వాములవారు ప్రసాదం చేతిలోకి తీసుకోగానే ఆమె మొహం తిప్పేసుకుంది.

"తీసుకుపోండి సామీ. పొయ్యి ఊదుకుంటా సగం పూజలు ఎగ్గొట్టినదాన్ని. ఏం చేశానని నాకిది?"

ఆయన ఎంత నచ్చజెప్పినా వినలేదు. తప్పుచేసినదానిలా, ఉత్త చేతులతో వెళ్ళిపోయేలా ఉంది. స్వాములవారు పక్కకు జరిగి, "నువ్వు చెప్పు నాయనా" అన్నారు.

మర్రెడ్డి తలనిండా ఉన్న లాటిన్ని పక్కన పెట్టాడు. మంచం పక్కన చతికిలబడ్డాడు.

"అవ్వా, మొదటి ఏడు పరీక్ష తప్పి, ఇక రానని పెట్టె సర్దుకుని పోయాను, గుర్తుందా? గేటు దాకా పరిగెత్తుకొచ్చి పులిహోర పొట్లం చేతిలో పెట్టావు. స్టేషన్లోనే విప్పి తిన్నాను. కడుపు నిండాక కోపం చల్లారింది. రైలెక్కకుండా వెనక్కొచ్చేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. ఆ రోజు నేనేం చేశానని పెట్టావు?"

ముసలామె ఇటు తిరిగింది. "ఓరి తింగరోడా! ఊరెళ్ళేవాడికి సద్ది కట్టేటప్పుడు మార్కులడుగుతారంట్రా?"

అనేసి, తన మాట తనకే వినపడినట్టు స్వాములవారి చేతిలోని ప్రసాదం కేసి చూసింది. తర్వాత నోరు తెరిచింది. స్వాములవారు ప్రసాదం నాలుక మీద ఉంచారు.

మింగడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు మర్రెడ్డి వైపు చూసి, "ఆ పులిహోరలో ఉప్పెక్కువైంది కదూ? గాభరాలో వేశా" అంది.

"లేదవ్వా. సరిగ్గా ఉంది."

ఆమె నవ్వింది. ఎప్పుడూ ఎవరో ఒకర్ని ఏడిపించే మర్రెడ్డి, కళ్ళు తుడుచుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

తిరుగుదారిలో మర్రెడ్డి, "స్వామీ, ఒక్క పొట్లానికి కృతజ్ఞత చెప్పుకోవడానికి నాకిన్నేళ్ళు పట్టింది. మరీ ఆలస్యమైంది" అన్నాడు.

"ఆలస్యమెక్కడ?" అన్నారు స్వాములవారు. "ఆ సద్ది నువ్వింకా దారిలో తింటూనే ఉన్నావుగా, నాయనా."