అక్క బుర్రలో గుర్రపు జీను

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున ముందు వరసలో నిలబడ్డది మేమేనని సింహాద్రి, పైడయ్య ఊరంతా చెప్పుకునేవారు. నిజమే కాబోలు. చెయ్యి చాపడం మాత్రం మరిచిపోయినట్టున్నారు. ఆ అన్నదమ్ములిద్దర్నీ సాకి, ఇంత వండిపెట్టేది వాళ్ళ అక్క నరసమ్మ.

అక్కకి చూపు పాడైంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, అటుపక్కా ఇటుపక్కా చీకటి. నడిస్తే చాలు, భుజం గుమ్మానికి కొట్టుకుంటోంది. ఇంకేముంది, తమ్ముళ్ళు గడ్డపార తెచ్చి గుమ్మం పీకేశారు!

"ఇంక దేనికి కొట్టుకుంటావక్కా?" అని నవ్వారు కూడానూ.

ఆఖరికి అక్కే వాళ్ళని వెంటేసుకుని పట్నం ఆస్పత్రికెళ్ళింది. డాక్టరమ్మ స్కాన్ చూపించి చెప్పింది.

"ముక్కు వెనకాల, మెదడు కింద, గుర్రం జీనులాంటి చిన్న ఎముక గుంట ఉంటుంది. అందులో శనగగింజంత గ్రంథి, పిట్యూటరీ అంటాం. గింజంతే గానీ ఒళ్ళంతా దాని పెత్తనమే. అక్కడ కంతి పెరిగి, పైనున్న కంటి నరాలను నొక్కుతోంది. ముక్కులోంచి వెళ్ళి తీసేస్తాం. ఆలస్యమైతే చూపు పూర్తిగా పోవచ్చు. రేపే ఆపరేషన్, ఖాళీ కడుపుతో ఉండాలి."

అక్క ఇష్టదైవానికి మొక్కుకుంది. తమ్ముళ్ళ బుర్ర మాత్రం జీను దగ్గరే ఆగిపోయింది.

"జీనుందంటే గుర్రం ఉన్నట్టే కదన్నా?" అన్నాడు పైడయ్య.

"మరే! ఆకలేసి అదే తన్నుతోంది నరాలని. పాపం, మూగజీవం."

అంతే. తెల్లారగానే గిన్నెడు ఉలవ గుగ్గిళ్ళు తెచ్చారు. "వద్దురా, తినకూడదన్నారు!" అని అక్క నోరు తెరిచిందో లేదో, కుక్కేశారు.

"నీక్కాదక్కా, గుర్రానికి. నువ్వు నమలకు, ఊరికే మింగు."

డాక్టరమ్మ మండిపడింది. "కడుపులో తిండి ఉంటే మత్తెలా ఇస్తానయ్యా? ఆపరేషన్ రేపటికి వాయిదా!"

"అక్క తిన్లేదండీ, గుర్రమే తింది," అన్నాడు సింహాద్రి గొప్పగా.

అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చూపు పోతే మీ మొహాలు చూసే బాధ తప్పుతుంది గానీ, మీకు వండేదెవర్రా?" అంది. దాంతో తమ్ముళ్ళూ భోరుమన్నారు.

మొత్తానికి మర్నాడు ఆపరేషన్ చక్కగా జరిగింది. అక్క మెల్లిగా కళ్ళు తెరిచింది. మంచానికి చెరోపక్కా తమ్ముళ్ళు నిలబడున్నారు.

"తల తిప్పకుండానే ఇద్దరూ కనిపిస్తున్నార్రా!" అని సంబరపడిపోయింది పిచ్చి తల్లి.

ఇంటికి పంపేరోజున డాక్టరమ్మ తమ్ముళ్ళని పిలిచి, "మీ అక్క అదృష్టం, చూపు తిరిగొచ్చింది. ఇక దాన్ని భద్రంగా కాపాడుకోండి," అంది.

ఇంకేముంది! బస్సెక్కే ముందే భుజాన ఉన్న కండువాలు తీసి, అక్క కళ్ళకి గంతలు కట్టేశారు.

"ఒరేయ్, ఏమీ కనబడ్డంలేదురా!"

"చూపుని రోజూ వాడి అరగదీసుకోకక్కా," అన్నాడు సింహాద్రి ముడి ఇంకాస్త బిగిస్తూ. "పండగలకీ పెళ్ళిళ్ళకీ తీసి చూద్దువుగానిలే."