మగ్గం గుంత

ఫణీంద్ర లెక్చరరుగా చేరి రెండేళ్లయింది. ఏఐతో పాఠాలెలా చెప్పాలో తోటి లెక్చరర్లకు నేర్పమని ప్రిన్సిపాల్ పురమాయించాడు. ఇంకేం, మనిషి నేల మీద లేడు. పది మెలకువలు రాసుకుని, ఒకప్పుడు తనకు తెలుగు చెప్పిన నరహరి మాస్టారికి చూపించడానికి నేతపేట వెళ్లాడు.

"అరవై వ్యాసాలు మాస్టారూ. పావుగంటలో ఏఐ దిద్దేసింది. ఒక్కొక్కరికీ విడిగా సలహా కూడా రాసింది. ఇంకేమన్నా చేర్చాలంటారా?"

"దిద్దిన కాయితం ఒకటి ఇలా ఇవ్వు."

సంచిలో చేతికందింది తీసిచ్చాడు. హిమజ అనే పిల్ల రాసిన వ్యాసం అది. దిద్ది పంచిన రోజున బెంచీ మీదే వదిలేసి పోయింది. పదిరోజులుగా క్లాసుకీ రావడం లేదు. ఎందుకో ఇతను ఆరా తీసిన పాపాన పోలేదు.

మాస్టారు మొదట్నుంచీ నిదానంగా చదివారు. కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆఖరి వాక్యం మాత్రం పైకి చదివారు.

"'నాన్న పోయిన పన్నెండో రోజున మగ్గం గుంత పూడ్చేశాం.'"

కింద అంటించిన చీటీలో ఏఐ సలహా ఉంది. అదీ చదివారు.

"'మంచి పని చేశారు. ఇంట్లో గుంతలు ప్రమాదకరం. ముగింపు ఇంకాస్త ఉత్సాహంగా రాయండి.' సంతకం నీదేగా?"

"నాదే మాస్టారూ."

"చదివావా?"

"మొదట నాలుగైదు చూశాను. బాగానే దిద్దుతోందని..."

మాస్టారు లేచి పక్కింటికి తీసుకెళ్లారు. అక్కడ వీరమ్మ మగ్గం నేస్తోంది. ఆమెను కాసేపు లేవమని, ఆ చోట ఫణీంద్రను కూచోబెట్టారు. కాళ్లు మగ్గం కింది గుంతలోకి దిగాయి. అడుగునున్న తొక్కుడు చెక్కలు పాదాల కింద అరిగి నున్నగా ఉన్నాయి. కూచున్న గట్టు కూడా అరిగి పల్లమైంది.

"ఎన్నాళ్లమ్మా ఇక్కడ?" అన్నాడు ఫణీంద్ర.

"మా ఆయన ముప్పయ్యేళ్లు కూచున్నాడు బాబూ. ఆయన పోయాక నేను."

మాస్టారు కాయితం అతని ఒళ్లో పెట్టి, జేబులోంచి పెన్ను తీసిచ్చారు.

"ఇప్పుడు దిద్దు."

పెన్ను కదల్లేదు.  ఫణీంద్ర తలెత్తాడు.

"ఆ అమ్మాయి ఇల్లెక్కడ మాస్టారూ?"

"మొదటి వాక్యంలోనే రాసిందయ్యా."