వారం రోజుల చప్పిడి

గుండె డాక్టరు జోగారావు గారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు "అన్నం తిన్నావా" అంటారు. తినే వచ్చామన్నా వినరు. పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి, పదవి దిగాక భీమిలి రోడ్డులో ఒక చిన్న ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. వంట ఆయనదే. జవాబు కావాలంటే పీట మీద కూర్చోవలసిందే.

ఆ ఆదివారం ఇందుమతి వెళ్ళేసరికి ఆయన పప్పు ఎనుపుతున్నారు. ఇందుమతి ఆయన దగ్గర చదువుకున్న ఆఖరి శిష్యురాలు. ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళ రక్తపోటు మీద ఆమె రాసిన వ్యాసం రెండు నెలల కిందట పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది. ఏడాదిపాటు ఒకే ఊరికి తిరిగి, ఉప్పు తగ్గించి తినమని చెప్పి, నెలనెలా బీపీ చూసి రాసుకుంది. నెలనెలా అంకె దిగుతూ వచ్చింది. అలా దిగినవాళ్ళకి మాత్రలు సగం చేసి చూసింది. మిగతా ఊళ్ళలోనూ చేయవచ్చని వ్యాసం చివర రాసింది. కాలేజీలో శాలువా కప్పారు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి పక్క మండలాల్లోనూ ఇదే పద్ధతి పెడతామని జిల్లా అధికారి కబురు పంపాడు.

అప్పుడామెకి ఒక సరదా పుట్టింది. అచ్చయిన కాగితం ఆ ఆడవాళ్ళకి చూపిద్దామని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. మొదట నూకాలు ఇంటికి వెళ్ళింది. నూకాలు గుమ్మంలో కూర్చుని ఎండుచేప నంచుకుంటూ గంజన్నం తింటోంది. పక్కన గిన్నెలో ఆవకాయ.

"ఇదేమిటి నూకాలూ, మానేశానన్నావు కదా?"

నూకాలు సిగ్గుపడలేదు, నవ్వింది. "మానేత్తామమ్మా. నర్సమ్మ నువ్వొచ్చే తేదీ సెప్పిందంటే వారం ముందు నుంచి ఊరంతా చప్పిడే. ఎండుచేపల బుట్టలు అటకెక్కించీసి కూకుంటాం. అంత దూరం నుంచి ఎండన పడి వొత్తావు. మిషన్లో పెద్ద అంకె కనబడితే నీ మొకం చిన్నబోతాది. అది సూడలేం తల్లీ."

ఇందుమతి ఆ గుమ్మంలోనే కూర్చుని బీపీ చూసింది. నూట తొంభై. ఆ పూట పొద్దుగూకేదాకా ఇల్లిల్లూ తిరిగి, మాత్రలు సగం చేసినవాళ్ళందరికీ మళ్ళీ పాత మోతాదు రాసి ఇచ్చింది. అచ్చు కాగితం సంచిలోంచి తియ్యనేలేదు.

తర్వాత పది రోజులు ఆమెకి ఎవరితో మాట్లాడాలో తెలియలేదు. మెట్ల దగ్గర ఎదురైనవాళ్ళు మెచ్చుకుంటారు, ఆమె తలూపుతుంది. క్వార్టరుకి వచ్చి తలుపేసుకుంటే, ఈ సంగతి తెలిసిన మనిషి ఇంత ఊళ్ళో తనొక్కతే. చెప్పకపోతే పక్క మండలాల్లో ఎవరి మాత్ర సగమవుతుందో తెలుసు. చెబితే తన గతి ఏమవుతుందో కూడా తెలుసు.

ఇదంతా జోగారావు గారికి చెప్పి, చివరికి అడిగింది. "తప్పని నేనే బయటపెట్టుకుంటే ఇంక నా దగ్గరికి ఎవరొస్తారు సర్?"

"చెయ్యి కడుక్కో" అన్నారాయన.

వడ్డించారు. మొదటి ముద్దకే ఇందుమతి నాలుక చురుక్కుమంది. పప్పు నిండా ఉప్పే. మంచినీళ్ళతో మింగింది.

"ఎలా ఉంది?"

"బాగుంది సర్."

"ఇంకొంచెం వెయ్యనా?"

"వెయ్యండి సర్."

పెరట్లో గిన్నెలు తోముతున్న పనిమనిషి పైడితల్లి కొంగుకి చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. గరిటెతో ఇంత పప్పు అరచేతిలో వేసుకుని నాకి, మొహం వికారంగా పెట్టింది.

"నానొచ్చేదాకా ఉప్పు డబ్బా ముట్టొద్దన్నానా లేదా అయ్యా? ఇది మనుసులు తినీదేనా? పాపం ఆయమ్మ సూడు, మాత్తర మింగినట్టు మింగుతాంది." అంటూనే ఇందుమతి కంచం లాక్కుని వెళ్ళిపోయింది.

జోగారావు గారు శిష్యురాలి వైపు చూశారు. "నువ్వు బాగుందన్నావే."

ఇందుమతి తల వంచుకుంది. "మీరు నొచ్చుకుంటారని, సర్."

"వానాకాలంలో జ్వరం తగిలింది కదా. అప్పుడే నా నాలుకకి ఉప్పు తెలియడం మానేసింది" అన్నారాయన నెమ్మదిగా. "ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? నాలుగు నెలలు ఇలాగే వండాను. వచ్చిన నా శిష్యులందరికీ పెట్టాను. అందరూ బాగుందన్నారు. నేనూ తిన్నాను. కాళ్ళు వాచాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె పని అయిపోయిందనుకుని మాత్రలు పెంచుకుంటూ పోయాను. ఈవిడ పనికి కుదిరిన మూడో రోజు, మిగిలిన పప్పు నోట్లో పెట్టుకుని పెరట్లోకి పోయి ఉమ్మేసింది."

"ఉమ్మకేటి సెయ్యను" అంది పైడితల్లి వంటింట్లోంచి. "సముద్రంలో ముంచి తీసినట్టుంది."

ఇందుమతి నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, వసారాలోకి వెళ్ళి జిల్లా అధికారికి ఫోను చేసింది.

"ఒకటో తేదీ నుంచి మాత్రలు తగ్గించడం ఆపించండి. నా లెక్క తప్పు... అవునండీ, నాదే. వాళ్ళు నన్ను మోసం చేయలేదు. చెప్పి వెళ్ళాను, అదే నా తప్పు... పత్రికకి కూడా రాస్తున్నాను."

అవతలి మనిషి చాలాసేపు ఏదో అన్నాడు. తర్వాత మాట మధ్యలోనే పెట్టేశాడు. ఇందుమతి ఫోను చేతిలో పట్టుకుని వసారాలోనే నిలబడింది. వీధిలో ఎవరూ లేరు. రేపు కాలేజీ మెట్ల దగ్గర ఎవరు పలకరిస్తారో, ఎవరు పక్కకి తప్పుకుంటారో ఒక్కొక్క మొహమే కళ్ళ ముందు కదిలింది.

లోపల పైడితల్లి ఆ పప్పులో మరికొంత ఉడికిన కందిపప్పు కలిపి, నిమ్మకాయ పిండి, మూడు కంచాలు పెడుతోంది. ఒకటి తనకి. అడగకుండానే గోడకి చేరగిలబడి కూర్చుంది.

జోగారావు గారు గుమ్మందాకా వచ్చి నిలబడ్డారు.

"బాగుందన్నవాళ్ళు ఒక్కరూ రెండోసారి భోజనానికి రాలేదమ్మా. ఉమ్మేసిన మనిషి రోజూ వస్తోంది."